పద్నాలుగేళ్ల తర్వాత మళ్ళీ లాక్రోస్: ఇరవై వారాల్లో ఏది ముందు తిరిగొచ్చింది, ఏది ఆలస్యమైంది

కాలేజీలో నా చివరి లాక్రోస్ మ్యాచ్ 2011 మేలో. కొసన వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట ఇది. నాలుగేళ్లూ డిఫెన్స్‌లో లాంగ్ పోల్ (డిఫెండర్ల పొడుగు స్టిక్) పట్టాను, చివరి రెండేళ్లు కాన్ఫరెన్స్ (మా కాలేజీల లీగ్) ఉత్తమ జట్టులో చోటు దక్కింది. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఆట మీద ప్రేమ ఒక్క రోజు కూడా తగ్గలేదు, స్టిక్ మాత్రం పట్టలేదు. 2025 జనవరి 11న సంచి జిప్పు తీశాను. జూన్ 1న అమెరికాలోని మేరీలాండ్‌లో ముప్పై దాటినవాళ్ల వేసవి లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాను. మధ్యలో ఇరవై వారాలు గడిచాయి. ఇక్కడి మన తెలుగు ఇళ్లలో హైస్కూల్లోనో కాలేజీలోనో ఈ ఆట ఆడి వదిలేసినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. వాళ్లు మళ్ళీ దిగాలనుకుంటే ఏం జరుగుతుందో, ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందే తెలియాలని వరసగా రాస్తున్నాను.

జనవరి 11, శనివారం. సంచి అమ్మావాళ్ల ఇంట్లో ఉంది. "నీ కర్ర అటక మీదే ఉంది నాన్నా, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు" అంది అమ్మ. జిప్పు తీయగానే పాత తోలు, చెమట, ఎండిన గడ్డి కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసనకే గుండె దడదడలాడింది. కానీ ఒక్కో వస్తువు బయటికి తీసి చూసుకుంటే ఇప్పటి ఆటకు పనికొచ్చేవి మూడే తేలాయి: షాఫ్ట్ (కర్ర), దాని కొసన వల కట్టే ప్లాస్టిక్ హెడ్, మోచేతి ప్యాడ్లు.

హెల్మెట్ 2010ది. లోపలి ఫోమ్ వేలితో నొక్కితే చెక్కలా ఉంది. రిపేరు చేయించి మళ్ళీ ధ్రువీకరణ వేయిద్దామనుకున్నాను. పదేళ్లు దాటిన హెల్మెట్‌ను ఆ పని చేసేవాళ్లు అసలు తీసుకోరు. తయారైన తేదీ హెల్మెట్ లోపల అంటించిన చీటీ మీద ఉంటుంది, మొట్టమొదట అది చూడండి. గ్లోవ్స్ అరచేతులు అరిగి రెండు వేళ్లు బయటికొచ్చాయి. అరచేయి కోసేసినా, చిరిగినా రిఫరీ ఒప్పుకోడు. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచినవి భుజాల ప్యాడ్లు. పాతవి చూడ్డానికి బాగానే ఉన్నాయి, చిరుగు లేదు, కుట్టు ఊడలేదు. కానీ 2022 జనవరి 1 నుంచి అమెరికా కాలేజీ, హైస్కూల్ పురుషుల ఆటలో ప్రతి ఆటగాడి ప్యాడ్‌కూ ఛాతీ రక్షణ ప్రమాణం తప్పనిసరి అయింది, గోలీలకు (గోల్‌కీపర్లకు) అంతకు ఏడాది ముందే. గుండె కొట్టుకునే లయలో ఒకానొక క్షణంలో బంతి సరిగ్గా గుండె మీద తగిలితే, ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికైనా గుండె ఆగిపోవచ్చు. అందుకే ఈ నియమం. మా లీగ్ కూడా దీన్నే పాటిస్తుంది. ప్యాడ్ మీద ఆ ప్రమాణం గుర్తు "నాక్సీ ఎన్‌డి 200" అన్న ముద్ర ఉందో లేదో చూసి కొనండి. సగం ధరకు అమ్మకానికి కనిపించే పాత సరుకులో చాలావాటికి ఆ ముద్ర ఉండదు.

హెల్మెట్ జనవరి 14న ఆర్డర్ చేశాను. పదిహేడు రోజులకు వచ్చింది, తీరా చూస్తే సైజు తప్పు. సైజు మార్పించుకోవడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. జట్టు రంగుల్లో కావాలంటే ఇంకా వారాలు ఎక్కువ. కాబట్టి మిగతా అన్నిటికన్నా ముందు హెల్మెట్ చెప్పేయాలి. అది చేతికొచ్చేలోపు గోడకు బంతి విసిరి పట్టుకునే సాధన ఎటూ చేసుకోవచ్చు.

జనవరి 18న హెడ్‌కు వల కట్టడానికి కూర్చున్నాను. ఈ ఒక్క పని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే బంతి ఎటు పోతుందో తేల్చేది చెయ్యి కాదు, వల. పాత మెష్ బిగుసుకుపోయి అప్పడంలా విరుగుతోంది, మొత్తం కోసేశాను. హెడ్ మాత్రం నిక్షేపంగా ఉంది. అటక మీద చల్లగా ఉండబట్టి సరిపోయింది. వేసవిలో కారు డిక్కీలో వదిలేస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది, గడ్డకట్టే చలిలో గట్టి దెబ్బకు పగులుతుంది.

కొత్త సామాను ఇది: సెమీ సాఫ్ట్ రకం మెష్ ఒక ముక్క, పై తాడు ఒకటి, పక్క తాళ్లు రెండు, కింది తాడు ఒకటి, షూటింగ్ స్ట్రింగ్స్ (వల పైభాగంలో అడ్డంగా కట్టే తాళ్లు) కోసం నైలాన్ తాడు. కొసలు కాల్చడానికి లైటర్ దగ్గర పెట్టుకోవాలి. మొదట పై తాడు. మెష్ పై వరస గళ్లను వెనక్కి మడిచి, రెండు పొరల్లోంచీ తాడు పోనిచ్చి హెడ్ పై అంచు రంధ్రాలకు బిగించాలి. ఇది ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిది. ఇక్కడ వదులైతే బంతి వదిలే చివరి క్షణంలో తాడు అంచుకు తట్టుకుని దిశ మారుతుంది. ఆ తర్వాత పక్క తాళ్లు. హెడ్‌కు ఒక్కోవైపు పదికి పైగా రంధ్రాలుంటాయి, అన్నిట్లోంచీ పోనివ్వక్కర్లేదు. పైభాగంలో మెష్‌ను సాగదీసి కట్టాలి. పాకెట్ పడాల్సిన చోట తక్కువ జాగాలో ఎక్కువ గళ్లు కుదించాలి. అప్పుడు అక్కడ వల వదులై బంతి కూర్చునే గుంట ఏర్పడుతుంది. ఆ గుంట నాకు నడిమధ్యన ఉండాలి. చివరగా కింది తాడు. లోతు పెంచడం, తగ్గించడం దానితోనే, అందుకే ముడి తర్వాత సులువుగా విప్పుకునేలా వేసుకోవాలి.

కాలేజీ రోజుల్లో నలభై నిమిషాల్లో కట్టేవాణ్ని. ఆ రోజు మూడున్నర గంటలు పట్టింది. మొదటిసారి పూర్తిచేసి చూస్తే పాకెట్ ఎడమకు వాలి ఉంది. ఎడమవైపు నాలుగో రంధ్రం వదిలేసి కుడివైపు అయిదోది వదిలేశాను. ఆ ఒక్క రంధ్రం తేడాకే బంతి ప్రతిసారీ పక్కకు పోతుంది. మొత్తం విప్పి మళ్ళీ కట్టాను. రెండు పక్కలా రంధ్రాలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకుని మొదలుపెడితే ఈ తిప్పలుండవు.

షూటింగ్ స్ట్రింగ్స్ హెడ్ పై అంచు నుంచి నాలుగు అంగుళాల లోపలే ఉండాలి. అవి బిగించినకొద్దీ బంతి వల మీద ఎక్కువసేపు పట్టి ఉండి, వదిలినప్పుడు కిందికి కొడుతుంది. లాంగ్ పోల్‌తో దూరం విసరాల్సిన డిఫెండర్‌కు అది మంచిది కాదు, నేను రెండే వేసి వదులుగా ఉంచాను. లోతు చూసే పద్ధతి పాతదే. స్టిక్‌ను అడ్డంగా కంటి ఎత్తున పట్టుకుని బంతి వేసి పక్కనుంచి చూడాలి. హెడ్ పక్కగోడ కింది అంచుకూ బంతి పైభాగానికీ మధ్య వెలుతురు కనిపిస్తే లోతు ఎక్కువైనట్టే, రిఫరీ ఒప్పుకోడు.

కొత్త వల వెంటనే ఆటకు రాదు. మన దగ్గర కొత్త బ్యాట్‌కు నూనె పట్టించి, రోజుల తరబడి పాత బంతితో కొట్టి సిద్ధం చేస్తారు కదా, ఇదీ అలాంటిదే. రాత్రి పడుకునే ముందు బంతిని గుంటలో నొక్కి, అది బయటికి రాకుండా పైన ఒక చెక్క గరిటె కాడను అడ్డంగా ఇరికించి ఉంచాను. అలా నాలుగు రాత్రులు. ఆ తర్వాత గోడ మీద ఓ అయిదారు వందల త్రోలు పడితే గానీ అది నా వల కాలేదు. ఈ ఆట పుట్టిన హోడెనోషోనీ జనం (ఉత్తర అమెరికా ఆదివాసులు) హికరీ కర్రను ఆవిరిలో వంచి, తోలు పట్టీలతో వల అల్లేవాళ్లు. 2023లో కన్నుమూసిన, వాళ్లలోని ఒనొండగా తెగ కళాకారుడు ఆల్ఫ్ జాక్స్ జీవితమంతా అలాంటి కర్రలే చేశాడు. వంటింటి బల్ల దగ్గర ప్లాస్టిక్ హెడ్‌తో కుస్తీ పడుతూ ఆయన చేతుల్ని తలుచుకున్నాను.

జనవరి 22 నుంచి గోడ. ఎగుడుదిగుడు ఇటుక గోడ వద్దు, బంతి ఎటు పడితే అటు పోతుంది. నునుపైన కాంక్రీటు గోడ వెతుక్కుని, ఆ స్థలం యజమానిని అడిగి మొదలుపెట్టాను. వారానికి నాలుగు రోజులు, రోజుకు పాతిక నిమిషాలు. కుడిచేత్తో వంద, ఎడమచేత్తో వంద, మూడు అడుగులు వెనక్కి జరిగి మళ్ళీ చెరో యాభై. లాంగ్ పోల్ మొత్తం పొడవు నాది 60 అంగుళాలు, అంటే అయిదు అడుగులు. మరీ దగ్గర నిలబడితే కర్ర తిప్పడానికే చోటుండదు, పదిహేను అడుగుల నుంచి మొదలుపెట్టాలి. బంతులు కనీసం నాలుగు తీసుకెళ్లండి, లేకపోతే సగం సమయం వాటి వెంట పరుగే. పాత బంతులు మాత్రం వద్దు. రబ్బరు నునుపెక్కి జారుతుంది, వల పట్టు ఎలా ఉందో తెలియనే తెలియదు. బరువు అయిదు నుంచి అయిదుంపావు ఔన్సులు, క్రికెట్ బంతి కన్నా కాస్త తక్కువే. అయితే లోపలిదాకా గట్టి రబ్బరు. వేళ్ల మీద పడితే తెలుస్తుంది, గోడ దగ్గర కూడా గ్లోవ్స్ వేసుకోండి.

ఎన్ని పట్టానో రోజూ రాసుకున్నాను. కుడిచేయి రెండు వారాల్లో తిరిగొచ్చింది. ఎడమచేయి మొదటిరోజు యాభైలో ఇరవై ఒకటి, మూడో వారం ముప్పై నాలుగు, ఆరో వారం నలభై అయిదు. ఎడమ ఎక్కడ తప్పుతోందో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. బంతిని ఆపడానికి స్టిక్‌ను ముందుకు తోస్తున్నాను. అలా తోస్తే గట్టి రబ్బరు వల నుంచి ఎగిరి బయటికి పోతుంది. బంతి వచ్చే వేగంతోపాటు హెడ్‌ను చెవి వెనక్కి తీసుకెళ్లాలి, పసిపిల్లను ఎత్తుకుంటున్నప్పుడు చేతులు ఎలా వెనక్కి తగ్గుతాయో అలాగ. ఫిబ్రవరి మధ్యలో ఓ సాయంత్రం అటుగా పోతున్న ట్రక్కు వైపు చూస్తూ ఉండగా బంతి తిరిగొచ్చి, నేను చూడకుండానే వలలో పడింది. కింది చేతి గుప్పిట్లో ఆ చిన్న బరువు తగిలింది. పద్నాలుగేళ్లు నాకు లేకుండా పోయింది సరిగ్గా ఆ బరువే. గోడ దగ్గర కాసేపు అలాగే నిలబడిపోయాను.

లీగ్‌లో పేరు ఇవ్వడానికి ఫిబ్రవరి 28 గడువు. ముందు యుఎస్ఏ లాక్రోస్ (అమెరికాలో ఈ ఆట సంస్థ) సభ్యత్వం ఉండాలి, ప్రమాద బీమా దానితోనే వస్తుంది. ఆ నంబరు లేకుండా జట్టు జాబితాలో పేరు ఎక్కదు. సభ్యత్వం, లీగ్ ఫీజు కలిపి 235 డాలర్లయింది.

మార్చి 9 ఆదివారం మొదటి సాధన, కప్పు కింద కృత్రిమ పచ్చిక మీద. చేతులు బాగున్నాయి, గ్రౌండ్ బాల్స్ (నేల మీది బంతులు) తీశాను, నలభై గజాల పాస్ సరిగ్గా పడింది. సంతోషంతో ఇంటికొచ్చాను. మార్చి 23న మూడో సాధనలో నేను కాపు కాస్తున్న ఆటగాడు వెనక్కి తిరిగి పరుగెత్తితే నేనూ కాలు తన్ని లేచాను. ఎడమ పిక్క మీద ఎవరో వెనకనుంచి బంతితో కొట్టినట్టయింది. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. పిక్క కండరం లోపలివైపు చీలింది.

ఈ దెబ్బ ముప్పై అయిదు దాటి ఆటకు తిరిగొచ్చేవాళ్లకు చాలా మామూలుగా తగిలేదట. కారణం నాకు స్పష్టంగానే తెలుసు. ఎనిమిది వారాలు గోడ దగ్గర నిలబడే సాధన చేశాను. వారానికి రెండుసార్లు మెల్లగా మూడు మైళ్లు పరుగెత్తితే కాళ్లకు సరిపోతుందనుకున్నాను. లాక్రోస్ డిఫెన్స్‌లో మెల్లగా పరుగెత్తే సందర్భమే రాదు. అయిదు గజాలు దూకడం, ఆగడం, నడుం తిప్పి వెనక్కి పోవడం, మళ్ళీ దూకడం. దాంతోపాటు గడ్డి మైదానానికి వేసుకునే పొడుగు స్టడ్ల బూట్లు ఆ పచ్చికలో పాతుకుపోయాయి. కృత్రిమ పచ్చికకు పొట్టి స్టడ్ల బూట్లు వేరేగా కొనాలి.

ఫిజియోథెరపీకి అయిదుసార్లు వెళ్లాను, సారికి నా చేతినుంచి 40 డాలర్లు. మొదటి వారం మడమ కింద చిన్న మెత్త పెట్టుకుని నడక, రెండో వారం రెండు కాళ్ల మీద మడమలు లేపడం, మూడో వారం ఒంటికాలి మీద. మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, వంచి ఒకసారి చేయాలి, ఎందుకంటే పిక్కలో రెండు కండరాలుంటాయి, వంచితే గానీ లోపలిదానికి పని పడదు. ఒంటికాలి మీద నొప్పి లేకుండా పాతిక లేపగలిగితేనే పరుగు అన్నారు. నాకు ఆ లెక్క ఏప్రిల్ 20కి కుదిరింది. మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే ఈ పాతిక జనవరిలోనే, గోడకన్నా ముందు మొదలుపెడతాను. మీరు ఈ రాసినదాంట్లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి: చేతులు దాచుకున్న విద్యను తిరిగిస్తాయి, కాళ్లకు మాత్రం కొత్తగా నేర్పాలి.

ఆ నాలుగు వారాలు ఎంత దిగులు పడ్డానో చెప్పలేను. ఇక అయిపోయిందేమో, ఆ ఒక్క పాస్‌తోనే సరిపెట్టుకోవాలేమో అనుకున్నాను. కుర్చీలో కూర్చుని కాలు ఎత్తిపెట్టుకుని రాత్రిపూట ఒళ్లో స్టిక్ పెట్టుకుని ఊపుతూ ఉండేవాణ్ని.

ఏప్రిల్ 30 నుంచి బుధవారాలు సిక్సెస్ ఆడాను, కాలు పరీక్షించుకోవడానికి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఉండబోయే లాక్రోస్ ఇదే. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో క్రికెట్‌తోపాటే దీనికీ ఆమోదం దొరికింది. ఒక్కో జట్టుకు ఆరుగురు, మైదానం 70 మీటర్ల పొడవు, 36 వెడల్పు, ఎనిమిది నిమిషాల క్వార్టర్లు నాలుగు, బంతి చేతికొచ్చిన ముప్పై సెకన్లలో షాట్ కొట్టాలి. గోల్ పడ్డాక ఫేసాఫ్ (ఇద్దరు ఎదురెదురుగా బంతి కోసం పోటీపడటం) లేదు, గోలీ బంతి తీసి వెంటనే ఆట మొదలుపెడతాడు. ఊపిరి తీసుకునే వీలే ఉండదు. అందులో లాంగ్ పోల్‌కు చోటు లేదు, నాకది బాధే. కానీ పన్నెండు మంది, పొట్టి కర్రలు, చిన్న మైదానం చాలు కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎవరైనా మొదలుపెట్టాలంటే ఇదే దారి అని నా నమ్మకం. నాకు మాత్రం పొట్టి స్టిక్‌తో ఆడిన ఆ నాలుగు బుధవారాలు మంచి చేశాయి. చేతిలో అయిదు అడుగుల కర్ర లేనప్పుడు పాదాలతోనే కాపు కాయాలి. చిన్న చిన్న అడుగులు వేయడం, తుంటి తిప్పి అతని భుజం పక్కనే పోవడం మళ్ళీ అలవాటైంది.

మే 26న కాలేజీ ఫైనల్ చూశాను. కార్నెల్ 13, మేరీలాండ్ 10. 1977 తర్వాత కార్నెల్‌కు ఇదే మొదటి టైటిల్. మా రాష్ట్రం జట్టు ఓడినందుకు మనసు చివుక్కుమంది గానీ, నా కళ్లు డిఫెండర్ల నోళ్ల మీదే ఉన్నాయి. మా రోజుల్లో షాట్ క్లాక్ (షాట్ కొట్టడానికి గడువు) లేదు. 2019 నుంచి 80 సెకన్ల గడియారం వచ్చాక డిఫెన్స్ ఇంకా ఎక్కువ మాట్లాడుతోంది. నాకు చిట్టచివర తిరిగొచ్చింది ఈ మాటే. బంతి ఎక్కడుంది, ఎవరు ముందు సాయానికి వెళ్లాలి, ఆ తర్వాత రెండోవాడు ఎవరు, ఇదంతా ఆగకుండా అరుస్తూ ఉండాలి. "నేను హాట్" అని ఒకడు, "నేను టూ" అని ఇంకొకడు. అరవనివాడు మంచి కాళ్లున్నా డిఫెన్స్‌కు భారమే. కారు నడుపుతూ ఒక్కణ్నే గట్టిగా అరుస్తూ సాధన చేశాను, నిజంగానే పనిచేసింది.

జూన్ 1, ఆదివారం. పొద్దున్నే వాన కురిసి వెలిసింది. పన్నెండు నిమిషాల క్వార్టర్లు, గడియారం ఆగదు. మొదటి క్వార్టర్‌లో ముప్పై ఒకటేళ్ల అటాకర్ నన్ను మధ్యలోకి దాటేసి గోల్ కొట్టాడు. తప్పు నాదే, పోక్ చెక్ (అతని స్టిక్‌ను కర్రతో పొడవడం) కోసం ముందుకు వాలిపోయాను, పాదాలు అతుక్కుపోయాయి. రెండోసారి వాలలేదు. మధ్యదారి మూసి, గోల్ పక్కవైపుకు, కోణం లేని చోటుకు అతన్ని మళ్లించాను. అతను కొట్టిన షాట్‌ను మా గోలీ ఛాతీతో ఆపాడు. ఆ తర్వాత ఒక గ్రౌండ్ బాల్: మోకాళ్లు వంచి, వెనక చెయ్యి నేలకు దగ్గరగా దించి, ఆగకుండా బంతి మీదుగా పరుగెత్తి తీశాను. నడుం మాత్రమే వంచితే హెడ్ నేలలో గుచ్చుకుని స్టిక్ కడుపులో పొడుస్తుంది.

రెండో క్వార్టర్‌లో క్లియర్ చేస్తూ (మా గోల్ వైపు నుంచి బంతిని ముందుకు పంపుతూ) ముప్పై గజాల పాస్ విసిరాను. బంతి పది గజాల దూరంలో నేలకు కొట్టింది, ప్రత్యర్థి తీసుకుని గోల్ చేశాడు. చేతిలో తప్పేమీ లేదు. తడిసిన మెష్ సాగి పాకెట్ లోతెక్కింది, బంతి వల అడుగున పట్టుకుని ఆలస్యంగా వదులుతోంది. హాఫ్‌టైమ్‌లో కింద తువ్వాలు కూడా వేసుకోకుండా గడ్డిలోనే కూర్చుని కింది తాడు ముడి విప్పి, అర అంగుళం లాగి మళ్ళీ కట్టాను. బంతి వేసి అడ్డంగా పట్టుకుని చూశాను, వెలుతురు లేదు. మూడో క్వార్టర్ మొదటి క్లియర్ నేరుగా మిడ్‌ఫీల్డర్ చెవి పక్కన పడింది. ఓడిపోయాం, 9–7. నాలుగో క్వార్టర్ చివర్లో పిక్క బిగిసింది గానీ నొప్పి రాలేదు.

మొత్తం ఖర్చు 1,083 డాలర్లు: హెల్మెట్ 290, భుజాల ప్యాడ్ 95, గ్లోవ్స్ 120, బూట్లు 85, మెష్ సామాను 28, ఆరు బంతులు 18, పళ్ల గార్డు 12, లీగ్ 235, ఫిజియోథెరపీ 200. పళ్ల గార్డు తెల్లదో, రంగులేనిదో కొనకండి, నోట్లో ఉన్నట్టు దూరం నుంచి రిఫరీకి కనబడాలి.

ఇంటికి రాగానే హెడ్‌ను షాఫ్ట్ నుంచి విప్పి, వలలో బంతి పెట్టకుండా గాలికి వేలాడదీశాను. తడి మెష్‌లో బంతి ఉంచితే గుంట అలాగే సాగిపోయి ఆరుతుంది. ఆరాక వల బిగుసుకుంది, అర అంగుళం ఎక్కువైంది. శనివారం ముడి మళ్ళీ విప్పాలి. ఆదివారం రెండో మ్యాచ్, వాన లేదంటున్నారు.